మూత్రనాళ స్టెంటు: బాధ, ఉపశమన ఔషధాలు, మరువరాని గడువు

నొప్పి తగ్గినంత మాత్రాన రోగం పోయినదని భావించుట మానవ సహజం. కాని ఒక వైద్య సాధనం విషయంలో ఈ భావన మిక్కిలి ప్రమాదకరమైనది. మూత్రపిండాలలోని రాళ్ళకు చికిత్స చేసిన పిమ్మట వైద్యులు శరీరం లోపల తాత్కాలికంగా అమర్చు స్టెంటు అను సన్నని గొట్టమే ఆ సాధనం. అది లోపల ఉన్నన్ని దినాలు కలిగించు బాధను తగ్గించుటకు నేడు మంచి ఔషధాలు కలవు. ఐతే ఆ ఔషధాలు బాధను తగ్గించునే గాని గొట్టాన్ని తొలగింపజాలవు. ఈ రెండు విషయాలను గూర్చి విద్యార్థులకు, పెద్దలకు తెలియజేయుటయే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఈ విషయం మన ప్రాంతానికి దూరమైనది కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు గ్రానైటు శిలలతో నిండిన మెట్టభూములు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. దేవరకొండ, మునుగోడు మొదలు అచ్చంపేట, మక్తల్ వరకు పొలంలో, రాళ్ళ గనిలో, ఇంటి కట్టుబడి పనిలో పగలంతా శ్రమించు మనిషి దేహంలోని నీరు చెమటగా పోవును. తగినంత నీరు త్రాగనిచో మూత్రం చిక్కబడును. చిక్కబడిన మూత్రంలో కాల్షియం, ఆక్సలేటు, యూరిక్ ఆమ్లం వంటి పదార్థాలు స్ఫటికాలుగా పేరుకొని క్రమంగా రాళ్ళగును. రాయి క్రిందికి జారి మూత్రనాళంలో ఇరుకుకొన్నప్పుడు డొక్కలో పుట్టు నొప్పిని అనుభవించినవారే చెప్పగలరు. అట్టివారిలో అనేకులకు శస్త్రచికిత్సానంతరం స్టెంటు అమర్చబడుచున్నది.

స్టెంటు అనగానేమి?

మన శరీరంలో రెండు మూత్రపిండాలు కలవు. ఒక్కొక్క దాని నుండి సుమారు 25 నుండి 30 సెంటీమీటర్ల పొడవు గల మూత్రనాళం బయలుదేరి మూత్రాశయంలో ప్రవేశించును. ఈ నాళపు గోడలలోని కండరాలు అలలవలె వరుసగా ముడుచుకొనుచు మూత్రాన్ని బొట్టు బొట్టుగా క్రిందికి నెట్టును. రాయి అడ్డుపడినను, రాతిని తీసిన తరువాత నాళం వాచినను ఈ ప్రవాహం ఆగిపోవును. ఆగిన మూత్రం వెనుకకు నిలిచి మూత్రపిండాన్ని ఉబ్బించి, కాలక్రమంలో దానిని నిర్వీర్యం చేయును. ఈ ప్రమాదాన్ని తప్పించుటకే నాళం లోపల స్టెంటును ఉంచుదురు.

1967లో అమెరికాలో జిమ్‌స్కిండ్ మరియు ఆయన సహచరులు సిలికోను గొట్టాలను మూత్రాశయ దర్శని సహాయంతో మూత్రనాళంలోనికి ఎక్కించినారు. కాని నిటారుగా ఉండు ఆ గొట్టాలు స్థానం తప్పి జారిపోయెడివి. 1978లో ఫిన్నీ, హెప్పర్లెన్ అను వైద్యులు వేరువేరుగా దీనికి పరిష్కారం చూపినారు. గొట్టపు కొనలను వంకరగా చుట్టుకొనునట్లు చేసినచో అది పైకిగాని క్రిందికిగాని జారదు. పై చుట్ట మూత్రపిండంలో, క్రింది చుట్ట మూత్రాశయంలో నిలిచియుండును. రెండు కొనలు ఆంగ్లాక్షరమైన జే వలె ఉండుటచే దీనికి డబుల్ జే స్టెంటు అను పేరు వచ్చినది. ఆసుపత్రులలో దీనినే డీజే స్టెంటు అందురు. ఇది సాధారణంగా 24 నుండి 26 సెంటీమీటర్ల పొడవు, సుమారు 2 మిల్లీమీటర్ల మందం గల మెత్తని ప్లాస్టిక్కు గొట్టం. గుండె రక్తనాళాలలో వేయు స్టెంటు శాశ్వతమైనది. ఇది అట్టిది కాదు. పేరు ఒక్కటే అగుటచే కొందరు దీనిని కూడ శాశ్వతమనుకొనుట కలదు.

బాధ ఎందువలన కలుగును?

స్టెంటు అమర్చబడినవారిలో ప్రతి పదిమందికి సుమారు ఎనిమిదిమంది ఏదో ఒక ఇబ్బందిని అనుభవింతురు. 2003లో ఇంగ్లండులో జోషి అను వైద్యుడు తన సహచరులతో కలిసి ఈ ఇబ్బందులను కొలుచుటకు ఒక ప్రశ్నావళిని రూపొందించినారు. అంతకు పూర్వం రోగి చెప్పుకొను బాధను కొలుచుటకు సరియైన కొలమానం లేకుండెను. నేడు ప్రపంచమంతట స్టెంటు ఔషధాల పరీక్షలలో ఈ ప్రశ్నావళినే వాడుచున్నారు.

బాధకు కారణాలు ముఖ్యంగా మూడు. మొదటిది రాపిడి. క్రింది చుట్ట మూత్రాశయపు అడుగుభాగాన్ని నిరంతరం తాకుచుండును. ఆ త్రిభుజాకార భాగం మిక్కిలి స్పర్శజ్ఞానం గలది. అందుచే మూత్రం కొద్దిగా నిండినను వెంటనే పోవలెనను తొందర, మాటిమాటికి పోవుట, పోసిన తరువాత కూడ ఇంకను మిగిలియున్నదను భావం, మంట కలుగును. రెండవది కండరాల బిగువు. పరాయి వస్తువు లోపల ఉన్నందున నాళపు గోడలు, మూత్రాశయపు కండరాలు అదిరి ముడుచుకొనును. దానివలన పొత్తికడుపులో పట్టినట్లుండును. మూడవది వెనుకకు పొంగుట. సాధారణంగా మూత్రాశయం ముడుచుకొన్నప్పుడు మూత్రనాళపు ద్వారం మూసికొని, మూత్రం పైకి పోకుండ ఆపును. స్టెంటు ఆ ద్వారాన్ని తెరచియే ఉంచుటచే, మూత్రవిసర్జన సమయంలో కొంత మూత్రం వేగంగా మూత్రపిండం వైపు ఎగసి డొక్కలో పొడిచినట్లు నొప్పి పుట్టించును. మూత్రవిసర్జన చేయునప్పుడే నడుము ప్రక్కన నొప్పి వచ్చుటకు ఇదియే కారణం. బరువులెత్తినప్పుడు, ఎక్కువ దూరం నడిచినప్పుడు రాపిడి హెచ్చి మూత్రం లేత ఎరుపుగా వచ్చుట కూడ కలదు. నీరు త్రాగి విశ్రమించినచో తగ్గునట్టి ఆ ఎరుపును చూచి భయపడనవసరం లేదు.

ఈ కారణాలను గ్రహించినచో ఏ ఔషధం ఎందుకు పనిచేయునో సులభంగా బోధపడును.

ఉపశమన ఔషధాలు

ఆల్ఫా నిరోధకాలు: వీటిలో ప్రసిద్ధమైనది టామ్సులోసిన్. జపాను దేశపు యమనౌచి సంస్థ దీనిని రూపొందించగా 1993లో అచట వాడుకలోనికి వచ్చినది. దినమునకు ఒకసారి 0.4 మిల్లీగ్రాములు వాడుదురు. ఆల్ఫుజోసిన్, సిలోడోసిన్ కూడ ఈ వర్గానికి చెందినవే. మూత్రనాళపు దిగువ భాగంలోను, మూత్రాశయపు కంఠంలోను ఆల్ఫా గ్రాహకాలు విస్తారంగా కలవు. అడ్రినలిన్ వంటి రసాయనాలు ఈ గ్రాహకాలను తాకినప్పుడు కండరం బిగుసుకొనును. ఆల్ఫా నిరోధకం ఆ గ్రాహకాలను ఆక్రమించి కండరాన్ని సడలించును. బిగువు తగ్గును, విసర్జన సమయంలో ఒత్తిడి తగ్గుటచే మూత్రం పైకి ఎగయుట కూడ తగ్గును. స్టెంటు బాధకు ఈ వర్గపు ఔషధాల ఉపయోగం అనేక పరీక్షలలో రుజువైనది. అమెరికా, ఐరోపా మూత్రవ్యాధి వైద్య సంఘాల మార్గదర్శకాలు వీటిని సూచించుచున్నవి.

ఈ మందు మొదట వృద్ధులలో ప్రోస్టేటు గ్రంథి వాపునకై ఏర్పడినది. కావున ఇరువది ఏండ్ల యువకునికో, ఒక గృహిణికో దీనిని వ్రాసినప్పుడు ఇంటివారు పొరబాటు జరిగినదని శంకింతురు. స్టెంటు ఉన్నవారికి ఇది స్త్రీపురుష భేదం లేకుండ వ్రాయబడుచున్నది. ఐతే ఒక జాగ్రత్త అవసరం. టామ్సులోసిన్‌తో డ్యూటాస్టరైడ్ అను మరియొక మందును కలిపిన గుళికలు కూడ అంగళ్ళలో లభించును. అవి కేవలం ప్రోస్టేటు రోగులకు ఉద్దేశింపబడినవి. డ్యూటాస్టరైడ్ గుళికలను గర్భవతులు చేతితో తాకుట కూడ తగదు. కనుక చీటీలో వ్రాసిన పేరే మందు పెట్టెపై ఉన్నదా అని అక్షరమక్షరం సరిచూడవలెను. గర్భవతులు, పాలిచ్చు తల్లులు తమ స్థితిని ముందుగానే వైద్యునికి తెలుపవలెను.

టామ్సులోసిన్‌ను ప్రతిదినం ఒకే వేళ, భోజనానంతరం మింగవలెను. గుళికను నమలరాదు. మొదటి దినాలలో రక్తపోటు తగ్గి కండ్లు తిరుగవచ్చును. పడుక లేదా కూర్చున్న చోటు నుండి నెమ్మదిగా లేవవలెను. పురుషులలో వీర్యం వెలువడుటలో మార్పు కలుగవచ్చును. మందు ఆపిన పిమ్మట అది సరియగును. కంటి శుక్లాల శస్త్రచికిత్స చేయించుకొనదలచినవారు ఈ మందు వాడిన సంగతిని కంటి వైద్యునికి తప్పక చెప్పవలెను. ఈ మందు ప్రభావంచే శస్త్రచికిత్సలో కంటిపాప పొర వదులై చిక్కు కలిగించును.

మూత్రాశయాన్ని శాంతింపజేయు మందులు: సోలిఫెనసిన్, టోల్టెరోడిన్, ఆక్సీబ్యుటినిన్ అనునవి ఈ వర్గానివి. మూత్రాశయపు కండరాన్ని ముడుచుకొమ్మని నాడులు పంపు సందేశాన్ని ఇవి అడ్డుకొనును. అందువలన తొందర, మాటిమాటికి పోవుట తగ్గును. నోరు ఎండుట, మలబద్ధకం వీటి దుష్ఫలితాలు. కంటిలో ఒత్తిడి హెచ్చు గ్లాకోమా రోగులలో కొందరికి, మూత్రం బిగియు వారికి ఇవి తగవు. వృద్ధులలో మతి తికమకను కలిగింపవచ్చును. మన ప్రాంతంవారు మరియొక సంగతిని గుర్తుంచుకొనవలెను. ఈ మందులు చెమటను తగ్గించును. చెమట తగ్గినచో దేహం చల్లబడదు. వైశాఖ జ్యేష్ఠ మాసాల ఎండలో పనిచేయువారికి వడదెబ్బ తగులు అవకాశం హెచ్చును.

మిరాబెగ్రాన్: 2011లో జపానులో అనుమతి పొందిన ఈ మందు వేరొక మార్గంలో మూత్రాశయాన్ని సడలించును. నోరు ఎండుట అంతగా ఉండదు. కాని రక్తపోటును హెచ్చింపవచ్చును గనుక రక్తపోటు గలవారు పరీక్ష చేయించుకొనుచు వాడవలెను. ఒక్క మందుతో ఉపశమనం లభింపనప్పుడు ఆల్ఫా నిరోధకంతో పాటు ఈ రెండవ లేక మూడవ వర్గపు మందును వైద్యులు కలిపి ఇచ్చుట కలదు.

నొప్పి మాత్రలు: సాధారణ నొప్పికి పారాసిటమాల్ సురక్షితమైనది. డైక్లోఫెనాక్ వంటివి మూత్రపిండ నొప్పిని బాగుగా తగ్గించునను మాట నిజమే. కాని అవి మూత్రపిండానికి చేరు రక్తప్రవాహాన్ని తగ్గించును. మూత్రపిండం ఇదివరకే దెబ్బతిన్నవారికి, మధుమేహులకు, కడుపులో పుండ్లు గలవారికి, దేహంలో నీరు తక్కువైనవారికి అవి హాని చేయును. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీటివలన ఎముకల, కీళ్ళ నొప్పులతో బాధపడువారు తరతరాలుగా ఉన్నారు. అట్టి నొప్పులకు నిత్యం నొప్పి మాత్రలు మింగు అలవాటు గలవారు, స్టెంటు నొప్పికని అదే జాతి మాత్రను వేరొక పేరుతో కలిపి మింగినచో మోతాదు రెట్టింపగును. ఆర్.ఎం.పి. ఇచ్చిన మాత్రలైనను, అంగడిలో కొన్నవైనను, అన్నిటిని వైద్యునికి చూపుట శ్రేయస్కరం.

మంటకు వాడు మందులు: డైసోడియం హైడ్రోజన్ సిట్రేటు ద్రావకం మూత్రపు ఆమ్లగుణాన్ని తగ్గించి మంటను శమింపజేయును. దానిని నీటిలో కలిపియే త్రాగవలెను. అందులో సోడియం ఉన్నది గనుక రక్తపోటు, గుండెజబ్బు గలవారు అడిగి వాడవలెను. ఫినజోపిరిడిన్ అను మాత్ర మూత్రమార్గాన్ని మొద్దుబరచి మంటను తగ్గించును. మూత్రం నారింజ రంగులో వచ్చును. దానిని రక్తమని భ్రమింపరాదు. అది కొద్ది దినాలకు మాత్రమే ఉద్దేశింపబడినది.

క్రిమినాశకాలు, అనగా యాంటీబయాటిక్కులు, స్టెంటు బాధకు మందులు కావు. స్టెంటు ఉన్నప్పుడు క్రిములు లేకున్నను మూత్రపరీక్షలో చీముకణాలు, రక్తకణాలు కనిపించుట సహజం. ఆ కాగితాన్ని చూచి అంగడిలో యాంటీబయాటిక్కులు కొని మింగుట వ్యర్థం, హానికరం. చలితో కూడిన జ్వరం, డొక్కలో తీవ్రమైన నొప్పి, మూత్రం పూర్తిగా ఆగిపోవుట, గడ్డలుగా రక్తం వచ్చుట మాత్రం ప్రమాద చిహ్నాలు. అప్పుడు ఇంటి వైద్యం గాని, మరునాటి వరకు వేచియుండుట గాని పనికిరాదు. వెంటనే ఆసుపత్రికి చేరవలెను.

నీరు, ఉపవాసం

స్టెంటు ఉన్నవారు మూత్రం లేత పసుపుగా ఉండునంత నీరు త్రాగవలెను. గుండె, మూత్రపిండాల జబ్బుచే నీటికి పరిమితి విధింపబడినవారికి మాత్రం వైద్యుని మాటే ప్రమాణం. పలుచని మజ్జిగ, అంబలి మంచివే. మాటిమాటికి పోవలసి వచ్చునని కొందరు నీరు మానుకొందురు. అట్లు చేసినచో మూత్రం చిక్కబడి మంట హెచ్చును; గొట్టంపై సున్నంవంటి పొర త్వరగా పేరుకొనును.

రంజాన్ మాసంలో ఈ ప్రశ్న ఇంటింట ఉదయించును. దినమునకొక్కసారి వాడు టామ్సులోసిన్‌ను ఇఫ్తార్ పిమ్మట భోజనం చేసి తీసికొనుట వీలగును. కాని పగలంతా నీరు త్రాగకుండుట స్టెంటు గలవారికి తగునా అనునది వైద్యునితో ఆలోచింపవలసిన విషయం. రోగులు ఆ రోజాలను తరువాతి దినాలలో పూర్తిచేసికొను వెసులుబాటును దివ్య ఖురాన్ రెండవ సూరాలోనే కల్పించినది. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలు చేయువారికి కూడ నీటి విషయంలో ఇదే హెచ్చరిక వర్తించును.

చీటీని చదువుట ఎట్లు?

మా పాఠకులలో అనేకులు తమ ఇంట మొదటిసారి కళాశాల మెట్లెక్కినవారు. ఆసుపత్రి నుండి తండ్రిగాని, తల్లిగాని, పినతండ్రిగాని తెచ్చిన ఆంగ్ల కాగితాన్ని చదివి చెప్పు బాధ్యత వారిదే. కనుక కొన్ని గుర్తులను ఇచట వివరించుచున్నాము. ఓ.డి. అనగా దినమునకు ఒకసారి, బి.డి. అనగా రెండుసార్లు, టి.డి.ఎస్. అనగా మూడుసార్లు, హెచ్.ఎస్. అనగా నిద్రకు ముందు; ఎస్.ఓ.ఎస్. అనగా అవసరమైనప్పుడు మాత్రమే. డీజే స్టెంట్ ఇన్ సైటూ అని వ్రాసియున్నచో స్టెంటు లోపలనే ఉన్నదని అర్థం. అన్నిటికంటె ముఖ్యమైనది, స్టెంటును ఎన్ని వారాలకు తీయవలెనో తెలుపు పంక్తి. అది తరచుగా కాగితం అడుగున, మందుల పట్టిక తరువాత ఉండును.

మందుల ఖర్చు భారమనుకొనువారు జన ఔషధి కేంద్రాలలో రసాయన నామంతో అడిగినచో తక్కువ వెలకు పొందవచ్చును. ఔషధ నిర్మాణం మనకు క్రొత్త కాదు. జడ్చర్ల వద్ద పోలేపల్లిలోను, చౌటుప్పల్‌లోను మందుల కర్మాగారాలు కలవు. మందులు తయారగు నేలపై పుట్టినవారు మందు పేరు చదువుట నేర్చుకొనుట న్యాయమే.

మరువరాని గడువు

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వత్తుము. ఔషధాలు చక్కగా పనిచేసినచో రోగి స్టెంటును మరచిపోవును. అసలు చిక్కు అచటనే ఉన్నది. మూత్రంలోని లవణాలు గొట్టంపై దినదినం పేరుకొనుచుండును. సౌదీ అరేబియాలోని రియాద్ నగరపు వైద్యులు 1991లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, ఆరు వారాల లోపు తీసిన స్టెంటులలో సుమారు 9 శాతం, ఆరు నుండి పండ్రెండు వారాల మధ్య తీసినవానిలో సుమారు 47 శాతం, అటుపిమ్మట తీసినవానిలో సుమారు 76 శాతం పొరగట్టియుండెను. సంవత్సరాల తరబడి విడిచిన స్టెంటు తానే రాయిగా మారును; విరుగును; నొప్పి లేకుండనే మూత్రపిండాన్ని నశింపజేయును. సకాలంలో ఐనచో కొద్ది నిమిషాలలో, సాధారణంగా మత్తు జెల్లీతో తీయగల గొట్టానికి, ఆలస్యమైనచో పలుమార్లు శస్త్రచికిత్స అవసరమగును. తీసిన తరువాత ఒకటి రెండు దినాలు కొద్దిగా నొప్పి ఉండవచ్చును; అది తగ్గిపోవును.

మన ప్రాంతంలో ఈ మరపునకు ప్రత్యేక కారణం కలదు. పాలమూరు కూలీలు తరతరాలుగా దేశమంతట ఆనకట్టలు, భవనాలు కట్టుచున్నారు. హైదరాబాదులో స్టెంటు వేయించుకొన్న మనిషి నొప్పి తగ్గగానే ముంబయికో, పుణెకో, గల్ఫు దేశానికో పోవును. కాగితం ఇంటి గూటిలో ఉండిపోవును. గొట్టం దేహంలో ఉండిపోవును. తీయించుటకు మరల ఖర్చగునను భయం కూడ కలదు. రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. మూత్రపిండ రాళ్ళ చికిత్సలు ఆ పథకంలో చేరియున్నవి. మహబూబ్‌నగర్‌లో 2016లోను, నల్లగొండలో 2019లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. పూర్వపు నల్లగొండ జిల్లాలోని బీబీనగర్‌లో ఎయిమ్స్ కలదు. కనుక ఎచట తీయించవలెనో స్టెంటు వేసిన ఆసుపత్రిలోనే ముందుగా అడిగి తెలిసికొనుట మేలు.

విద్యార్థులు చేయదగిన పని చిన్నది. ఇంటనో, వాడలోనో స్టెంటు ఉన్నవారెవరైన ఉన్నచో వారి కాగితం చదివి, తీయవలసిన తేదీని గోడ క్యాలెండరుపై ఎర్ర సిరాతో వ్రాయవలెను. ఫోనులో గుర్తు పెట్టవలెను. ఊరు విడిచి పోవువారిచే ఆ కాగితపు ఛాయాచిత్రాన్ని వెంట తీసికొనిపోవునట్లు చేయవలెను. కళాశాల కమిటీ పెద్దలు సంవత్సరానికొకసారి మూత్రవ్యాధుల వైద్యునిచే తెలుగులోను, ఉర్దూలోను ఒక ఉపన్యాసం ఏర్పాటు చేసినచో ఈ విషయం మరిన్ని ఇండ్లకు చేరును. ఏ మందు ఎవరికి తగునో నిర్ణయించువాడు వైద్యుడే. ఆ మందు పేరును, ఆ గడువు తేదీని ఇంటివారికి వారి భాషలో చెప్పవలసినవారు మాత్రం మన విద్యార్థులే.